బండి కూడా కాస్త సర్దుకోవాలిగా!

"కాస్త సర్దుకుపోవాలమ్మా!" ఈ మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మన తెలుగునాట ఉంటుందంటారా? పుట్టింట్లో తమ్ముళ్ళతో సర్దుకుపోవాలి. అత్తింట్లో అందరితోనూ సర్దుకుపోవాలి. బస్సులో ముగ్గురి సీటులో నలుగురం సర్దుకుపోవాలి. మనుషుల మధ్య సర్దుబాటు మంచిదే, నేనూ కాదనను. కానీ ఇనుముతోనూ, స్ప్రింగులతోనూ కూడా మన నడుములూ, మన మణికట్లే సర్దుకుపోవాలా? అదీ నా ప్రశ్న.

నేను చెప్పబోయేది మనం నడిపే స్కూటరు గురించి. అందులోనూ ముందు చక్రం దగ్గరుండే షాకబ్జర్ల గురించి. "అబ్బ, అదంతా మెకానిక్కుల గొడవ, మనకెందుకు?" అని పేజీ తిప్పేసి వంటల శీర్షికలోకి వెళ్ళిపోకండి. కుక్కరు గాస్కెట్ వదులైందని ఆవిరి చప్పుడును బట్టి కనిపెట్టేది మనమే. మిక్సీ బుష్ అరిగిందని శబ్దాన్ని బట్టి చెప్పేది మనమే. అలాంటి మనకు ఇదేమంత బ్రహ్మవిద్య కాదు.

మాది అనంతపురం జిల్లా రాయదుర్గం. కర్ణాటక సరిహద్దులో, కొండ మీద కోట, కొండ కింద ఊరు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే కరువు జిల్లా మాది. వాన తక్కువ కాబట్టి రోడ్లు పాడుకావేమో అనుకుంటారు బయటివాళ్ళు. మా ఎండ సంగతి వాళ్ళకేం తెలుసు? ఏప్రిల్, మే నెలల్లో తారు మెత్తబడి, బరువు లారీల కింద నలిగి అలలు అలలుగా లేస్తుంది. ఎండలు పోయాక ఆ అలలు అట్లాగే గట్టిపడి కూర్చుంటాయి. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వెళితే హగరి ఒడ్డు ఇసుక గాలికి లేచి మేటలు వేస్తుంది.

ఊళ్ళోకొస్తే పైపుల కోసం తవ్వి పూడ్చిన గాడులు, ఎవరింటి ముందు వాళ్ళు పోసుకున్న స్పీడు బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సాఫీగా ఎక్కి దిగేలా ఉండాలట. మన సందుల్లో ఉండేవో? గడపంత వెడల్పు, రోలంత ఎత్తు!

పంటను నమ్ముకోలేని మా ఊళ్ళో చాలా ఇళ్ళకు అన్నం పెట్టేది కుట్టుమిషనే. రాయదుర్గం అంటే జీన్సు ప్యాంట్లకు పేరు. ఇక్కడ గుడ్డ కత్తిరించి, కుట్టి, బయటి ఊళ్ళకు పంపే యూనిట్లు చాలా ఉన్నాయి. నేను ఇంటర్ వరకు చదివాను. పిల్లలిద్దరూ కాస్త పెద్దవాళ్ళయ్యాక ఇంట్లోనే మిషను పెట్టుకుని జేబులు, బెల్టు లూపులు కుట్టి ఇవ్వడం మొదలుపెట్టాను. ముక్కకింత అని కూలి. పొద్దున వెళ్ళి కత్తిరించిన కట్టలు తేవాలి, సాయంత్రం కుట్టినవి అప్పజెప్పాలి. ఆటో మాట్లాడుకుంటే కూలిలో పావు వంతు ఆటోకే పోయేది. అందుకని ఓ సెకండ్ హ్యాండు స్కూటరు కొన్నాం. దాని పుణ్యమా అని నా కూలి నా చేతిలోనే మిగిలింది. పాప అనంతపురంలో డిగ్రీలో చేరితే హాస్టలు ఫీజు ఆ డబ్బులతోనే కట్టాం.

ఇలా రెండేళ్ళు గడిచాక చేతులు తిమ్మిరెక్కడం మొదలైంది. ముందు కుడి చెయ్యి, తర్వాత రెండూ. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారిపోయేవి. పొద్దున్నే లేచి సూదిలో దారం ఎక్కించబోతే వేళ్ళ మధ్య దారం ఉందో లేదో తెలిసేది కాదు. కుట్టుపని చేసేదానికి వేళ్ళకు స్పర్శ పోతే ఇంకేం మిగిలింది చెప్పండి?

డాక్టరు గారికి చూపించుకున్నాను. మణికట్టు దగ్గర ఇరుకు దారిలో నుంచి ఒక నరం వస్తుందట. అది నలిగితే ఇలా తిమ్మిర్లు వస్తాయట. "గంటలకొద్దీ కుట్టడం ఒక కారణం. మీరు బండి నడుపుతారా? హ్యాండిల్ ఎక్కువగా అదురుతుందా? అది కూడా తోడై ఉండొచ్చు" అన్నారు. రాత్రిళ్ళు మణికట్టుకు పట్టీ కట్టుకోమన్నారు, గంటకోసారి చేతికి విశ్రాంతి ఇమ్మన్నారు, అదురు తగ్గించుకోమన్నారు.

ఇక ఇంట్లో సలహాలకు కొదవేముంది! మా అత్తగారు "ఆ బండి అమ్మేయండిరా, ఆడపిల్ల ఎముకలు విరగ్గొట్టుకోవడానికా" అన్నారు. మావారు "పోనీ కుట్టుపని మానెయ్, ఎట్లో జరుపుకుందాం" అన్నారు. ఇద్దరిదీ ప్రేమే. కానీ లెక్క వేసుకుంటే? బండి అమ్మేస్తే ఆటో ఖర్చు. పని మానేస్తే పాప ఫీజు. ఏ దారిలో పోయినా వదులుకోవాల్సింది నేనే. ఆ అదురు ఎక్కణ్ణించి వస్తోంది, దాన్ని ఆపలేమా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే మీరు నవ్వుతారు. అమెరికాలోని మిన్నెసోటా మంచులో నుంచి వచ్చింది!

మా అక్క కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. ఓ చలికాలం ఆదివారం ఫోనులో వీడియో చూపించాడు. ఎటు చూసినా తెల్లటి మంచు, దాని మీద స్కూటరు లాంటి బండి. హ్యాండిల్ ఉంది, సీటుంది, చక్రాలు మాత్రం లేవు. ముందు పడవ ముక్కుల్లాంటి రెండు పలకలు, వెనక పొడవాటి రబ్బరు పట్టా. స్నోమొబైల్ అంటారట. పలకలు దారి తిప్పుతాయి, పట్టా తోస్తుంది. ఒక్కో పలకకూ ఒక్కో స్ప్రింగు, షాకబ్జరు.

ఆ బండి వెనక ఒక తండ్రి కడుపుకోత ఉంది. కెనడాలోని క్యూబెక్‌లో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ అనే మెకానిక్ ఉండేవాడు. కుర్రతనం నుంచీ మంచు మీద నడిచే బండి కోసం ప్రయత్నిస్తూనే ఉన్నాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ళ కొడుక్కి జబ్బు చేసింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి తీసుకెళ్ళే వీలులేక పిల్లాడు చనిపోయాడు. ఆ తర్వాత 1937లో ఏడుగురు కూర్చునే మంచుబండి తెచ్చాడు. 1959లో స్కూటరంత చిన్నది, స్కీ-డూ అనేది, ఆయన సంస్థ నుంచే వచ్చింది. దారి లేక బిడ్డను పోగొట్టుకోవడమంటే ఏమిటో మన పల్లెల తల్లులకు వేరే చెప్పాలా?

సరే, అసలు సంగతికొస్తాను. ఆ బండి మా వాడి స్నేహితుడిది. మా వాణ్ణి ఎక్కించే ముందు ఆ స్నేహితుడు "నీ బరువెంత?" అని అడిగాడట. అడిగి, స్పానరు పెట్టి ముందు స్ప్రింగుల కింది రింగును రెండు పక్కలా సమానంగా తిప్పి సరిచేశాడట. బళ్ళు తిరిగీ తిరిగీ అక్కడి మంచు దారులు కూడా అలలు అలలుగా గట్టిపడతాయట, అచ్చం మా తారు రోడ్డులాగే. ఎక్కే మనిషి బరువుకు తగ్గట్టు స్ప్రింగు పెట్టకపోతే ఆ అలల మీద చేతులు, నడుము హూనమైపోతాయట.

"నీ బరువెంత?" ఆ మాట నా మనసులో పట్టేసింది. ఈ స్కూటరును ఎంతమంది మెకానిక్కులకు చూపించాం! మైలేజీ ఎంత అని అడిగారు. ఆయిలు ఎప్పుడు మార్చారని అడిగారు. నడిపే మనిషి బరువెంత, ఏం మోసుకెళుతుంది, ఏ రోడ్డున పోతుంది అని ఒక్కరూ అడగలేదు. నా బరువు 58 కిలోలు, జీన్సు గుడ్డ కట్ట ఇంచుమించు 20 కిలోలు. జీన్సు బరువేమిటో మోసినవాళ్ళకే తెలుసు!

"చిన్నమ్మా, నీ కుట్టుమిషను మీద దారం బిగువు సర్దే స్ప్రింగు ఉంటుంది చూడు, ఇదీ అంతే" అన్నాడు మా వాడు. నాకు వెంటనే అర్థమైపోయింది. పలచటి జాకెట్టు గుడ్డకు పెట్టిన బిగువు జీన్సుకు పనికిరాదు. మరీ బిగిస్తే దారం తెగుతుంది, మరీ వదులైతే కింద ఉచ్చులు పడతాయి. గుడ్డ మారినప్పుడల్లా మనం ఆ మర తిప్పుతాం కదా. బండికి గుడ్డ అంటే బరువు, రోడ్డు.

షాకబ్జరులో ఉండేవి ముఖ్యంగా రెండు. ఒకటి స్ప్రింగు, అది బరువు మోస్తుంది. గతుకు తగిలితే నొక్కుకుపోయి దెబ్బను తాను తీసుకుంటుంది. కానీ నొక్కిన స్ప్రింగు ఊరుకోదు, ఎగిరి లేస్తుంది, మళ్ళీ కుంగుతుంది. దాన్ని అదుపు చేసేది రెండోది, లోపలి ఆయిలు. చిన్న చిన్న రంధ్రాల్లో నుంచి ఆయిలు నెమ్మదిగా దూరాలి కాబట్టి స్ప్రింగు కూడా నెమ్మదిగానే లేస్తుంది. నీళ్ళలో గరిటె తిప్పండి, ఆముదంలో గరిటె తిప్పండి, తేడా తెలుస్తుంది. ఆఫీసుల్లో తలుపు దభాలున పడకుండా పైన ఒక గొట్టం బిగిస్తారే, అందులో ఉన్నదీ ఇలాంటి ఆయిలే.

బళ్ళన్నిటికీ ముందు భాగం ఒకేలా ఉండదు. పాత బజాజ్ చేతక్‌లో ముందు చక్రాన్ని ఒక పక్క నుంచే చెయ్యిలాంటి ఊచ పట్టుకుని ఉండేది. కొంచెం పాత గేర్లులేని స్కూటర్లలో చక్రానికి అటొకటి ఇటొకటి చిన్న షాకబ్జర్లు బయటికే కనిపిస్తాయి. మోటారు సైకిళ్ళకు, ఇప్పటి చాలా స్కూటర్లకు ఒక గొట్టంలో ఇంకో గొట్టం దూరే ఫోర్కులు. టీవీఎస్ ఎక్సెల్ లాంటి మోపెడ్లలో ముందు ఉత్త స్ప్రింగు ఫోర్కే, దానికి గ్రీజే ప్రాణం. మీది ఏ రకమో ఓసారి వంగి చూడండి. మాది రెండో రకం.

ఇక నేను చేసిన పరీక్షలు చెబుతాను. స్పానరు పట్టుకోనక్కరలేదు, ఓ పాత గుడ్డ, టైలరు టేపు చాలు.

మొదటిది గాలి. షాకబ్జరు కన్నా ముందు దెబ్బ తినేది టైరు. మాకు గాలి పట్టే చోట ముందు వెనక రెండు చక్రాలకూ 35 చొప్పున కొట్టేవారు. బండితో వచ్చిన పుస్తకం తీసి చూస్తే ముందు చక్రానికి 22 అని ఉంది! గాలి బుడగలా ఉబ్బి రాయిలా గట్టిపడిన టైరు గతుకును మింగదు, నేరుగా హ్యాండిలుకు అందిస్తుంది. చాలా స్కూటర్లకు ముందు 22 నుంచి 25 లోపు, వెనక అంతకన్నా ఎక్కువ, వెనక మనిషి కూర్చుంటే ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. మీ బండి పుస్తకంలో ఉన్నదే మీకు లెక్క. పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూపించుకోండి. మా ఎండలో పది కిలోమీటర్లు తిరిగొచ్చాక చూస్తే వేడికి గాలి వ్యాకోచించి ముల్లు ఎక్కువే చూపిస్తుంది.

రెండోది నొక్కి చూడడం. చదునైన నేల మీద బండి స్టాండు తీసి, వెనక బ్రేకు పట్టుకుని, హ్యాండిల్ మీద బరువు వేసి కిందికి నొక్కి వదలండి. మెత్తగా దిగి, ఒక్కసారి పైకి లేచి నిలబడితే మంచిది. రెండు మూడు సార్లు ఊగితే ఆయిలు పని అయిపోయినట్టే. అసలు దిగకపోతే ఎక్కడో పట్టేసినట్టు. టక్కుమని చప్పుడు వస్తే బుష్షులు అరిగి ఉండొచ్చు, హ్యాండిల్ కింది కోన్‌సెట్ వదులై ఉండొచ్చు.

మూడోది తుడిచి చూడడం. షాకబ్జరు గొట్టాన్ని పాత గుడ్డతో తుడవండి. పొడి దుమ్ము వస్తే సరే. నల్లటి జిడ్డు వస్తే ఆయిల్ సీలు కారుతోందన్నమాట. దీన్ని అశ్రద్ధ చేయకండి. కారిన ఆయిలు కిందికి జారి బ్రేకులోకి చేరితే బ్రేకు పట్టదు.

నాలుగోది కొలవడం. ఇది మన టైలరు టేపు పని. బండి సెంటర్ స్టాండు వేసి, వెనక ఒకరు అదిమి పట్టుకుంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. అప్పుడు చక్రం మధ్య నట్టు నుంచి పైన బాడీ మీద పెట్టుకున్న సుద్దగీత వరకు నిలువుగా కొలవండి. తర్వాత స్టాండు తీసి, రోజూ ఎలా వెళతారో అలాగే సామానుతో సహా కూర్చోండి, ఇంకొకరు అవే రెండు గుర్తుల మధ్య మళ్ళీ కొలవాలి. రెండు కొలతల తేడాయే మీ బరువుకు స్ప్రింగు కుంగినంత. షాకబ్జరు మొత్తం కదలికలో ఇది పావు నుంచి మూడో వంతు దాకా ఉంటే బాగున్నట్టు. మొత్తం 8 సెంటీమీటర్లు కదిలేదైతే, మనం కూర్చోగానే 2 నుంచి రెండున్నర కుంగాలి. మీ బండిది మొత్తం కదలిక ఎంతో మెకానిక్కును అడిగితే చెబుతాడు. అంతకన్నా ఎక్కువ కుంగితే పెద్ద గతుకులో అడుగంటి ఠక్కుమని కొడుతుంది. అసలు కుంగకపోతే కర్ర మీద కూర్చున్నట్టే.

మా బాబు టేపు పట్టాడు. నేను కట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాను. కుంగినది ఎంతో తెలుసా? మొత్తం కదలికలో సగానికి పైగా! అంటే రోడ్డెక్కక ముందే సగం ఊపిరి అయిపోయింది.

ఆ కొలతలు కాగితం మీద రాసుకుని కొత్త మెకానిక్కు దగ్గరికి వెళ్ళాను. కుర్రాడు కాగితం చూసి కాస్త విస్తుపోయాడు. రెండు షాకబ్జర్లూ విప్పి నేల మీద పక్కపక్కన పెట్టాడు. "అక్కా, ఇవి రెండూ జత కావు చూడు. ఒకటి యాడిదో కొత్తది. ఇంకోటి పాతది, ఆయిలంతా కారిపోయింది. ఒకటి గట్టి, ఒకటి మెత్తన. హ్యాండిలు కొట్టుకోక ఏం చేస్తాది?" అన్నాడు. మేం కొనక ముందెప్పుడో ఎవరో ఒక పక్కది మాత్రమే మార్చి వదిలేశారన్నమాట.

మా నాయనకు ఎద్దుల బండి ఉండేది. జత కుదరని ఎద్దుల్ని కట్టవద్దనేవాడు. ఒకటి గుంజుతుంది, ఒకటి వెనకబడుతుంది, మధ్యలో నలిగేది కాడి, తోలేవాడి భుజం. ఆ మాటే గుర్తొచ్చింది. రెండూ ఒకే రకం కొత్తవి వేయించాను. కూలితో కలిపి రెండు వేల లోపే అయింది. అమ్ముతామనుకున్న బండి కదా, అదేం పెద్ద ఖర్చనిపించలేదు.

మా నాయన దగ్గర నేర్చుకున్న ఇంకో మాట కూడా ఇక్కడ పనికొచ్చింది. చెనిక్కాయ మూటలు బండికెత్తేటప్పుడు ముందు బరువెక్కితే ఎద్దుల మెడ మీద పడుతుంది, వెనక బరువెక్కితే కాడి పైకి లేస్తుంది అనేవాడు. స్కూటరుకూ అంతే. కాళ్ళ దగ్గర 20 కిలోల కట్ట పెడితే ఆ బరువులో చాలా భాగం ముందు చక్రానిదే. మొత్తం వెనక కడితే ముందు తేలికై ఇసుకలో హ్యాండిల్ నిలవదు. ఇప్పుడు కట్టను రెండు చేసి, ఒకటి కాళ్ళ దగ్గర, ఒకటి సీటు మీద నాకు ఆనించి కడుతున్నాను. మళ్ళీ కొలిస్తే కుంగుడు మూడో వంతుకు వచ్చింది.

ఇక్కడో చిక్కుంది. ఆ మంచుబండికి ఉన్నట్టు మన మామూలు స్కూటర్లకు ముందు స్ప్రింగును తిప్పి సర్దే రింగు ఉండదు. సరైన స్ప్రింగు, సరైన ఆయిలు, సరైన గాలి, బరువు పంచుకోవడం, ఇవే మన చేతిలో ఉన్న సర్దుబాట్లు. గొట్టపు ఫోర్కులైతే రెండు పక్కలా ఆయిలు కంపెనీ చెప్పిన కొలతే పోయించండి. ఎక్కువ పోస్తే గట్టిపడుతుంది, తక్కువైతే ఊగుతుంది. వెనక షాకబ్జరుకు మాత్రం చాలా బళ్ళలో మెట్లు ఉంటాయి, కొన్నిటికి మూడు, కొన్నిటికి అయిదు. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు మెత్తటి మెట్టు, వెనక మనిషో మూటో ఉంటే గట్టి మెట్టు. రెండు షాకబ్జర్లుంటే రెండూ ఒకే మెట్టు మీద ఉండాలి. వెనక మరీ కుంగితే ముందు భాగం లేచిపోతుంది కాబట్టి దాన్నీ చూడక తప్పదు.

ఒక హెచ్చరిక. ఫోర్కు మూత, షాకబ్జరు స్ప్రింగు ఇంట్లో విప్పకండి. నొక్కి ఉంచిన స్ప్రింగు ఎగిరి మొహాన తగిలితే కళ్ళు పోతాయి. చూడడం, కొలవడం మన పని, విప్పడం మెకానిక్కు పని.

నడపడంలోనూ ఓ చిన్న కిటుకుంది. స్పీడు బ్రేకరు ఇంకా దూరంగా ఉండగానే బ్రేకు వేసి వేగం తగ్గించాలి. చక్రం ఎక్కే క్షణానికి ముందు బ్రేకు వదిలేయాలి. బ్రేకు పట్టుకునే ఎక్కితే చాలా బళ్ళలో ముందు భాగం అప్పటికే కుంగి ఉంటుంది, ఇక గతుకును మింగడానికి చోటెక్కడుంటుంది? హ్యాండిల్ కూడా ఉడుంపట్టు పట్టకండి. పూరీ కర్ర పట్టుకున్నట్టు పట్టుకుంటే చాలు.

మరి చేతుల సంగతేమిటంటారా? బండి బాగుపడగానే తిమ్మిర్లు మాయమైపోయాయని చెబితే అబద్ధమవుతుంది. రాత్రి పట్టీ కట్టుకుంటూనే ఉన్నాను. గంటకోసారి మిషను ఆపి చేతులు విదిలిస్తున్నాను. ఇవన్నీ కలిసి మూడు నెలల్లో మంచి గుణం కనిపించింది. ఇప్పుడు పొద్దున్నే సూదిలో దారం మొదటిసారికే ఎక్కుతోంది. కట్టలు దించేటప్పటికి మునుపటిలా చేతులు జివ్వుమనడం లేదు. పాప ఫీజు ఆగలేదు, బండి అమ్ముడుపోలేదు.

మా అత్తగారు ఈమధ్య నా వెనక కూర్చుని కళ్యాణదుర్గం రోడ్డులో ఉన్న బంధువుల ఇంటికి వచ్చారు. దిగాక నడుము పట్టుకోకుండా నేరుగా లోపలికి నడిచారు. ఏమీ అనలేదు. మరుసటి వారం "మళ్ళీ ఎప్పుడు పోదాం?" అన్నారు. అంతకన్నా మెచ్చుకోలు ఇంకేం కావాలి! మావారేమో ఓ ఆదివారం తన మోటారు సైకిలు నా ముందు ఆపి, "ఈ గొట్టం దగ్గర జిడ్డు కనబడుతోంది, కాస్త చూడు" అన్నారు. పాత గుడ్డ తీసుకుని తుడిచి చూపించాను. సీలు పోయింది.

పాప సెలవులకొచ్చి బండి తీసుకుంది. తిరిగొచ్చి "వెనక గట్టిగా ఎగరేస్తోందమ్మా" అంది. దాని బరువు 46 కిలోలు, మూటలు లేవు. నాకు కుదిరిన మెట్టు దానికెలా కుదురుతుంది? వెనక మెట్టు ఒకటి తగ్గించాం. "ఇప్పుడు బాగుంది" అంది. ఒకే ఇంట్లో, ఒకే బండి మీద తల్లికొక లెక్క, కూతురికొక లెక్క. బండి అందరికీ ఒకటే కదా అని ఊరుకుంటే ఎవరో ఒకరు కుదుపులు ఓర్చుకోవాల్సిందే.

నడుం నొప్పి, మెడ నొప్పి, చేతుల తిమ్మిరి అని ఎంతమంది ఆడవాళ్ళు మాత్రలు మింగుతున్నారో మా వీధిలోనే చూస్తున్నాను. అన్నిటికీ బండే కారణమని నేననను. డాక్టరుకు చూపించుకోవాల్సింది చూపించుకోవాల్సిందే. కానీ రోజూ మనల్ని మోసే బండిని కూడా ఓసారి పరీక్షకు నిలబెట్టడంలో తప్పేముంది? బియ్యం డబ్బాకు తెలిసిన మన బరువు, మన మెకానిక్కుకు కూడా తెలియాలి.

ఈ వారం ఓ పొద్దున పది నిమిషాలు కేటాయించండి. గాలి చూపించండి, నొక్కి చూడండి, తుడిచి చూడండి, కొలిచి చూడండి. నాలుగూ ఓ కాగితం మీద రాసుకోండి. మెకానిక్కు దగ్గరికి వెళ్ళినప్పుడు "బండి కొంచెం ఎగురుతోంది బాబూ" అని వదిలేయకుండా, "నా బరువింత, నా మూట ఇంత, ఇంత కుంగుతోంది, రెండు పక్కలా సమానంగా ఉన్నాయో లేదో చూడు నాయనా" అని అడగండి. అతను శ్రద్ధగా వింటే సరే సరి. వినకపోతే, ఊళ్ళో ఇంకో మెకానిక్కు ఉండనే ఉంటాడు!